ఇంటికి రెండవ దారి

మానవుడు ఇల్లు కట్టుకొన్నది ఎండ వానల నుండి, క్రూరమృగాల నుండి, దొంగల నుండి తనను, తనవారిని కాపాడుకొనడానికి. తలుపు వేసుకొని పడుకొన్న వేళ కలిగే నిశ్చింతకు మించిన సుఖం గృహస్థునకు మరొకటి లేదు. అయితే ఇటీవలి సంవత్సరాలలో మన రెండు తెలుగు రాష్ట్రాలలో జరిగిన కొన్ని అగ్నిప్రమాదాలను పరిశీలిస్తే, ఆ నిశ్చింతకు ఆధారమైన తలుపే, ఆ కిటికీ ఊచలే, ఆ తాళమే ఒక్కొక్కప్పుడు లోపలివారి పాలిట శత్రువులవుతున్నాయన్న కఠోర సత్యం మన ముందు నిలుస్తుంది. ఈ విషయాన్ని గురించి మన కళాశాల వార్షిక సంచిక పాఠకులతో, అనగా నేటి విద్యార్థులూ రేపటి గృహస్థులూ అయిన యువతీయువకులతోను, మన కమిటీ పెద్దలతోను నాలుగు మాటలు చెప్పుకొనడం అవసరమని మేము భావిస్తున్నాము.

తెలుగు పాఠాలు చెప్పేవారికి అగ్నిమాపక విషయాలతో పని ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ‘ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్లు’ అన్న సామెతను ఏటేటా తరగతి గదిలో చెప్పి, వివరించి, పరీక్షలో అర్థం వ్రాయించి, ఆ తరువాత చెప్పినవారమూ విన్నవారమూ కూడా మరచిపోతున్నాము. చదివిన దానిని ఆచరణలో పెట్టుమని అడగడం కూడా బోధనలో భాగమే. అందుచేత ఈ వ్యాసం మా పని పరిధిని దాటినది కాదని మా విశ్వాసం.

మొదట మన ఇళ్ళు ఎట్లా మారాయో గమనిద్దాం. పెద్దలు ఇప్పటికీ వాయల్పాడు అనే పిలిచే మన వాల్మీకిపురంలోను, చుట్టుపట్ల మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలోను ఒకప్పుడు బోద ఇళ్ళు, మట్టి మిద్దెలు ఎక్కువ. బోద ఇంటికి అగ్గి అంటుకొంటే నిమిషాలలో బూడిదయ్యేది. ఒక్కొక్కప్పుడు వీధి వీధంతా కాలిపోయేది. కనుకనే ఆనాటివారికి అగ్గి అంటే భయమూ ఉండేది, జాగ్రత్తా ఉండేది. ఈదురుగాలి లేచిన పూట పొయ్యి రాజేయవద్దని ముసలివారు కేకలు వేసేవారు. ఇల్లు పోయినా మనుషులు చాలావరకు బయటపడేవారు. కిటికీకి ఇనుప చట్రం లేదు, దొడ్డివాకిలి ఉండేది, ఆపదలో మట్టి గోడకు కన్నం వేయడం కూడా కష్టం కాదు.

ఈనాడు మనం సిమెంటు కప్పు వేసుకొన్నాము. కప్పు కాలదు, గోడ కాలదు. దానితో అగ్గి భయం తీరిపోయిందని నమ్మాము. కాని ఇంటి లోపల ఏమి పెట్టుకొన్నామో చూడండి. స్పాంజి పరుపులు, సోఫాలు, పాలిస్టరు తెరలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడలకు ప్లైవుడ్ అలంకరణ, మెట్ల కింద ఇన్వర్టరు బ్యాటరీ, దాని పక్కనే ఖాళీ టమోటా క్రేట్లు. ఇవన్నీ కాలే వస్తువులే; కాలినప్పుడు విషపు పొగ విడిచే వస్తువులే. ఇక బయటికి పోయే దారులు? దొడ్డివాకిలి స్థలంలో మరొక గది లేచింది. కిటికీలకు కదలని ఇనుప గ్రిల్లులు, వరండాకు మడత గేటు, దానికి రాత్రి తాళం, మిద్దె మీది తలుపుకు మరొక తాళం. వెనుకటి ఇల్లు కాలిపోయి మనిషిని వదిలేది. నేటి ఇల్లు చెక్కుచెదరకుండా నిలిచి మనిషిని లోపలే ఉంచుకొంటున్నది. మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

2025 మే 18వ తేదీ ఆదివారం ఉదయం హైదరాబాదులో చార్మినారు సమీపాన గుల్జార్ హౌజ్ వద్ద జరిగిన ఘోరం మనలో ఎవ్వరమూ మరువరానిది. కింద ముత్యాల దుకాణాలు, పైన రెండు అంతస్తులలో ఒక ఉమ్మడి కుటుంబం. వేసవి సెలవులకు వచ్చిన బంధువులతో ఇల్లు నిండుగా ఉన్నది. ఉదయం 6 గంటల ప్రాంతంలో మంటలు కనిపించాయి. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు ప్రాథమికంగా తెలిపారు. 17 మంది మరణించారు. వారిలో 8 మంది పసిపిల్లలు. అగ్నికి ఆహుతి అయినవారికంటె పొగకు ఊపిరాడక పోయినవారే అధికమని వార్తలు వచ్చాయి. ఆ ఇంటికి ఉన్నది సొరంగం వంటి ఒకే ఒక ప్రవేశమార్గం, దాని వెంట సుమారు మీటరు వెడల్పు గల మెట్లు. మంట ఆ మెట్ల దారి పక్కనే పుట్టింది. లోపలివారికి మరొక దారి లేదు.

ఆ ఉదయం ఆ వీధిలో జరిగిన మరొక సంగతిని కూడా ఇక్కడ స్మరించడం మా విధి. అటుగా వచ్చిన ఇరుగుపొరుగువారు, సమీపంలో గాజుల వ్యాపారం చేసుకొనే ముస్లిం యువకులు కొందరు, షట్టరు పగులగొట్టి, గోడ పగులగొట్టి, పొగలోనికి చొరబడ్డారు. లోపల ఉన్నది హిందూ కుటుంబమా, ముస్లిం కుటుంబమా అని వారు ఆలోచించలేదు. ఆ తెగువకు మనం గర్వించవచ్చు. కాని ఆ తెగువ కూడా 17 ప్రాణాలను నిలుపలేకపోయిందన్న సంగతిని గుర్తుంచుకొని తల దించుకోవలసి కూడా ఉన్నది. ప్రమాదం నాటి సాహసం ఎంత గొప్పదైనా, ఇల్లు కట్టిన నాడు చూపవలసిన వివేకానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

ఇది ఒంటరి సంఘటన అయితే విధివిలాసమని సరిపెట్టుకోవచ్చు. 2022 మార్చి 23న సికింద్రాబాదు బోయిగూడలో ఒక తుక్కు గోదాము కాలినప్పుడు పై అంతస్తులో నిద్రిస్తున్న బీహారు కూలీలు 11 మంది మరణించారు. వారికి దిగడానికి ఉన్నది ఒక ఇరుకైన ఇనుప చుట్టుమెట్లు మాత్రమే. కిటికీ నుండి దూకిన ఒక్కడు బ్రతికాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 25వ తేదీ తెల్లవారుజామున మన తిరుపతి చేరువలోని రేణిగుంటలో, కింద ఆసుపత్రి, పైన నివాసం ఉన్న భవనంలో మంటలు లేచి ఒక వైద్యుడు, ఆయన ఇద్దరు పిల్లలు అసువులు బాశారు. ప్రాణాలు నిలిపే విద్య నేర్చిన ఇంటికే ఈ గతి పట్టిందంటే, పొగ ముందు చదువుకు గాని, సంపదకు గాని ప్రత్యేకత లేదని తెలుస్తున్నది. మన విద్యార్థులు ఉద్యోగాలకై పోయే బెంగుళూరులో 2021 సెప్టెంబరు 21న దేవరచిక్కనహళ్ళిలోని ఒక అపార్ట్‌మెంటులో మంటలు చెలరేగినప్పుడు, బాల్కనీకి బిగించిన ఇనుప ఊచల వెనుక చిక్కుకొన్న ఒక స్త్రీ కింద నిలిచి చూస్తున్నవారి కళ్ళ ఎదుటే కాలిపోయింది. ఆనాడు మరణించినవారు తల్లీ కూతుళ్ళు. ఆ ఊచలు దొంగల కోసం బిగించినవి. ఏ దొంగ వచ్చాడో తెలియదు గాని, అవి ఆపింది మాత్రం ఇంటివారినే.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సామాన్య లక్షణం కనబడుతుంది. మూడు చోట్ల కింద వ్యాపారమో, గోదామో, ఆసుపత్రో ఉన్నది, పైన మనుషులు నిద్రిస్తున్నారు. అన్ని చోట్ల బయటికి వచ్చే దారి ఒకటే, లేదా ఉన్న దారి మూసి ఉన్నది. 2023 నవంబరు 13న నాంపల్లి బజారుఘాట్‌లో 9 మందిని బలిగొన్న ప్రమాదం కూడా ఈ కోవలోనిదే. అక్కడ నివాస భవనం అడుగున రసాయనాల డ్రమ్ములు నిల్వ చేశారు. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో 2010 జూన్ 3న నీమ్‌తలీలో నూరుమందికి పైగా మరణించినది ఇట్లాగే. ఆ తరువాత గోదాములను జనావాసాల నుండి తరలించాలని అందరూ అన్నారు. తరలింపు పూర్తికాకుండానే 2019 ఫిబ్రవరి 20 రాత్రి అదే పాత ఢాకాలోని చౌక్‌బజారులో మరల అదే జరిగింది. ఒక ప్రమాదం నుండి పాఠం నేర్వని ఊరికి మరొక ప్రమాదం ఆ పాఠాన్నే మళ్ళీ చెబుతుంది.

మన ఊళ్ళకు ఇవి దూరపు కథలు కావు. మదనపల్లెలో, పుంగనూరులో బజారు వీధిన నడిచి పైకి చూడండి. కింద చెప్పుల దుకాణం, పైన కాపురం. కింద రంగుల దుకాణం, పైన కాపురం. కింద పరుపుల దుకాణం, పైన అద్దెకున్న విద్యార్థులు. నీరుగట్టువారిపల్లెలో మగ్గమూ, పట్టునూలూ, వంటా, పడకా ఒకే కప్పు కింద సాగుతున్న ఇళ్ళు ఉన్నాయి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో రెవెన్యూ దస్త్రాలు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా చర్చ జరిగింది, దర్యాప్తులు జరిగాయి. జరగవలసినదే. కాని పోయిన కాగితానికి మరొక కార్యాలయంలో నకలు దొరకవచ్చు. పోయిన మనిషికి నకలు ఎక్కడా దొరకదు. కాగితాల కోసం మేల్కొన్న ఊరు మనుషుల కోసం కూడా మేల్కొనవలసి ఉన్నది.

మంటకంటె పొగ ఎందుకు ప్రమాదకరమో సైన్సు విద్యార్థులకు చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం సంగ్రహంగా చెబుతాము. గాలి చాలని చోట వస్తువులు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కంటె ఈ వాయువుపై మక్కువ 200 రెట్లకు పైగా ఎక్కువ. కనుక దీనిని పీల్చినవాని రక్తంలో ప్రాణవాయువుకు చోటు ఉండదు. నిద్రించేవాడు పొగ వాసనకు మేల్కొంటాడని మన అపోహ. మేల్కొనడు, నిద్ర మరింత గాఢమవుతుంది. వేడి పొగ మొదట పైకి లేచి, కప్పును తాకి, ఆ పిమ్మట కిందికి దిగుతుంది. అందుకే పొగలో నిలబడి నడిచేవాడు పడిపోతాడు. తడిగుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకొని నేల మీద పాకేవాడు కొంత దూరమైనా పోగలడు. మెట్ల దారి పొగగొట్టం వలె పని చేస్తుంది కనుక, కింద పుట్టిన పొగకు పై అంతస్తే మొదటి గమ్యం.

అయితే దీనికి చట్టం లేదా అని ప్రశ్నించవచ్చు. ఉన్నది. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం ఉన్నది. 2016లో సవరించిన జాతీయ భవన నిర్మాణ స్మృతిలో అగ్ని భద్రతకు ఒక పెద్ద భాగమే ఉన్నది. కాని చట్టం ఒక గీత గీసింది. నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తు దాటినప్పుడు అగ్నిమాపక శాఖ అనుమతి కావాలని 1999 చట్టం చెప్పింది. మన ఊళ్ళలో రెండు, మూడు అంతస్తుల ఇళ్ళు ఆ గీతకు ఎంతో కింద ఉన్నాయి. గుల్జార్ హౌజ్ ఇల్లు కూడా మూడంతస్తులదే. పది అంతస్తుల మేడకు చట్టం కావలి కాస్తున్నది. మన ఇంటికి మనమే కావలి. పురపాలక సంఘం వారు ప్లాను మంజూరు చేసేటప్పుడు ముందు వెనుక వదలవలసిన స్థలాన్ని కొలుస్తారు. ఆ స్థలాన్ని ఇల్లు పూర్తి అయిన మరుసటి ఏడు గదిగా మార్చేది అధికారులు కాదు, మనమే.

ఇచ్చట తెలుగు సాహిత్య విద్యార్థులకు సుపరిచితమైన ఒక ఘట్టాన్ని జ్ఞాపకం చేస్తాము. మహాభారతం ఆదిపర్వంలోని లక్కయిల్లు. పాండవులను ఆ అగ్ని నుండి కాపాడినది భీముని బలమూ కాదు, అర్జునుని విల్లూ కాదు. విదురుడు ముందుగా హెచ్చరించాడు. అతడు పంపిన ఖనకుడు సొరంగం తవ్వాడు. ఆ దారి ఎక్కడున్నదో ఆరుగురికీ తెలుసు. అదే రాత్రి, అదే ఇంటిలో, అదే మంటలో నిద్రిస్తున్న ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కుమారులు కాలిపోయారు. బ్రతికినవారు ఆరుగురు, ఆ నిషాద కుటుంబంలో మరణించినవారు ఆరుగురు. దారి తెలిసినవారు బ్రతికారు, తెలియనివారు పోయారు. ఈ కథలో ధర్మాధర్మ విచారణ పండితులు ఎంతో చేశారు. సామాన్య గృహస్థుడు నేర్వవలసినది మాత్రం, ఇంటికి రెండవ దారి ఉండాలని, అది ఇంట్లో పడుకొన్న ప్రతివానికి, వచ్చిన అతిథికి కూడా, తెలిసి ఉండాలని.

ఇస్లామీయ సంప్రదాయం కూడా ఇదే వివేకాన్ని బోధించింది. మదీనా నగరంలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా తగలబడిన వార్త విని, నిప్పు మీకు శత్రువు కనుక పడుకొనే ముందు దానిని ఆర్పివేయండని మహాప్రవక్త (స) ఉపదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఎలుక దీపపు వత్తిని లాగి ఇంటిని తగులబెట్టవచ్చునని కూడా ఆయన హెచ్చరించారు. అంత చిన్న సంగతిని సైతం గమనించి చెప్పిన ప్రవక్త అనుయాయులమైన మనం, రాత్రంతా పరుపు మీద చార్జింగులో ఉన్న సెల్ ఫోనును, పడకగదిలో చార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీని గమనించకపోవడం వింత. 2022 ఏప్రిల్ నెలలోనే నిజామాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి మరణించారు. నేటి దీపపు వత్తి అదే, నేటి ఎలుక మన నిర్లక్ష్యమే.

ఇక గృహస్థులు పాటించదగిన నియమాలు. ఇవి కొత్తవి కావు, కష్టమైనవీ కావు.

మొదటిది తాళం. రాత్రి వేళ వీధి గేటు తాళంచెవి ఇంటి యజమాని దిండు కింద కాదు, తలుపు పక్కన, లోపలివారికి అందే ఎత్తులో, బయటివారికి అందని చోట, ఒక కొక్కేనికి వ్రేలాడవలెను. ఇంట్లో ఎనిమిదేళ్ళ బిడ్డ మొదలు ముసలి అవ్వ వరకు చీకటిలో తడిమి దానిని అందుకోగలగాలి. మిద్దె మీది తలుపుకు లోపలి నుండి గడియ చాలు, తాళం వద్దు.

రెండవది కిటికీ. ప్రతి అంతస్తులో కనీసం ఒక కిటికీ గ్రిల్లుకు బందులు పెట్టించి, లోపలి నుండి తెరుచుకొనేట్లు చేయించవలెను. ఊరి వెల్డింగు దుకాణంలో ఒక పూటలో అయ్యే పని ఇది.

మూడవది మెట్లు. మెట్ల కింద, మెట్ల మీద ఏ వస్తువూ ఉండరాదు. క్రేట్లు, పాత పరుపులు, పెట్రోలు డబ్బా, స్కూటరు, ఇన్వర్టరు, ఇవన్నీ మెట్ల దగ్గర చేరితే మంట పుట్టేదీ అక్కడే, దారి మూసుకొనేదీ అక్కడే.

నాల్గవది వంటిల్లు. వంటగ్యాసు గాలి కంటె బరువైనది. లీకయిన గ్యాసు నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. వాసన తగిలినప్పుడు లైటు వేయరాదు, వెలుగుతున్న లైటును ఆర్పరాదు, ఫ్యాను తిప్పరాదు. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెరచి, బయటికి వచ్చి 1906 నెంబరుకు ఫోను చేయవలెను. సిలిండరు మెడ వద్ద ఇనుప పట్టీపై ఎ, బి, సి, డి అక్షరాలలో ఒకటి, దాని పక్కన రెండంకెల సంవత్సరం ఉంటాయి. ఎ అనగా జనవరి నుండి మార్చి, బి అనగా ఏప్రిల్ నుండి జూన్, ఇట్లా నాలుగు త్రైమాసికాలు. సిలిండరును మరల పరీక్షించవలసిన గడువు అది. గడువు దాటినదానిని తీసుకొనకుండా తిప్పి పంపే హక్కు మనకున్నది. రబ్బరు గొట్టాన్ని ఐదేళ్ళకొకసారి మార్చవలెను. బాణలిలోని నూనె అంటుకొంటే నీళ్ళు పోయరాదు. మంట కట్టి, మూత పెట్టవలెను.

ఐదవది కరెంటు. 6 ఆంపియర్ల సాకెట్టును 230 వోల్టులతో హెచ్చవేస్తే 1,380 వాట్లు వస్తుంది. దానికి 2,000 వాట్ల నీళ్ళ హీటరు తగిలిస్తే ఏమవుతుందో పదవ తరగతి విద్యార్థి కూడా చెప్పగలడు. తీగె లోలోపల కాగి, పైన ఉన్న తొడుగు కరిగి, ఒక రాత్రి అంటుకొంటుంది. ఇల్లు పాతది, తీగె పాతది, కాని దానిపై వేసే బరువు మాత్రం కొత్తది. ఏసీ గాని, గీజరు గాని కొన్ననాడే దానికి వేరుగా మందమైన తీగె, తగిన ఎం.సి.బి. వేయించవలెను. మాటిమాటికి పడిపోయే ఎం.సి.బి.ని పెద్దదిగా మార్చడం, జ్వరం కొలిచే సాధనాన్ని పగులగొట్టి జ్వరం తగ్గిందనుకొనడం వంటిది.

ఆరవది హెచ్చరిక. కప్పుకు అంటించే పొగ హెచ్చరిక యంత్రం అరచేతిలో పట్టేటంత చిన్నది, బ్యాటరీతో నడుస్తుంది. ఇంగ్లండులో అద్దె ఇళ్ళలో ప్రతి అంతస్తుకూ ఒకటి ఉండి తీరాలని 2015లో నియమం చేశారు. ఒక సెల్ ఫోను వెలలో స్వల్ప భాగం దీనికి చాలు. మన నిద్రలో మేల్కొని ఉండే కాపలాదారు ఇది.

ఏడవది, అన్నింటికంటె సులభమైనది, అభ్యాసం. ఏడాదికి రెండుసార్లు, ఒక రాత్రి దీపాలార్పి, ఇంటిల్లిపాదీ ఎవరు ఏ దారిన బయటికి రావాలో, ముసలివారిని ఎవరు పట్టుకోవాలో, బయట ఏ చెట్టు కింద కలుసుకోవాలో ఒకసారి నడిచి చూడవలెను. బయటికి వచ్చినవారు నగల కోసం, కాగితాల కోసం తిరిగి లోనికి పోరాదు. 101 నెంబరుకు గాని, 112 నెంబరుకు గాని ఫోను చేయడం పిల్లలకు నేర్పవలెను.

ఈ నియమాలకు కొన్ని అభ్యంతరాలు వస్తాయని మాకు తెలుసు. దొంగల భయం మాటేమిటని ఒకరంటారు. గ్రిల్లు తీసివేయమని మేము అనడం లేదు. లోపలి నుండి తెరుచుకొనేట్లు చేయమంటున్నాము. ఖర్చు మాటేమిటని మరొకరంటారు. తాళంచెవి కొక్కేనికి, ఖాళీ మెట్లకు, రాత్రి అభ్యాసానికి పైసా ఖర్చు లేదు. బీదవానికి ఇవే ప్రధాన రక్షణలు.

మూడవ అభ్యంతరం నోటితో ఎవరూ చెప్పరు, కాని ఆచరణలో ఉన్నది. మన ఇళ్ళలో ఘోషా పాటించే స్త్రీలకు వీధి తలుపుతో పని తక్కువ. గేటు తాళంచెవి ఎక్కడున్నదో, కరెంటు మెయిను ఎక్కడున్నదో అనేకమందికి తెలియదు. పగటి వేళ మగవారు అంగడికి పోగా ఇంట్లో ఉండేది స్త్రీలు, పిల్లలు, వృద్ధులే. అగ్గి పుట్టే వంటిల్లు వారి చేతిలో, బయటికి పోయే తాళంచెవి పురుషుని జేబులో ఉండడం న్యాయమేనా? ప్రాణాపాయం సంభవించినప్పుడు సాధారణ నిషేధాలు సడలుతాయని మన ధర్మశాస్త్రవేత్తలు ఏకాభిప్రాయంతో చెప్పారు. దుపట్టా కోసం వెదుకుతూ పొగలో ఒక్క నిమిషం కూడా ఆగవద్దని తండ్రులు, అన్నలు తమ ఇంటి ఆడపిల్లలకు స్పష్టంగా, ముందుగానే చెప్పవలెను. వారు చెప్పకపోతే మన విద్యార్థినులే తమ తల్లులకు చెప్పవలెను.

నాల్గవది తక్దీరు. అంతా తలరాత ప్రకారం జరుగుతుంది కదా అంటారు. ఒంటెను కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) ఒక ఎడారివాసికి చెప్పిన సంగతి తిర్మిజీలో ఉన్నది. కట్టకుండా విడిచిపెట్టడం తవక్కుల్ కాదు, సోమరితనం.

చివరగా మన కమిటీ పెద్దలకు సవినయంగా కొన్ని సూచనలు. మన పట్టణాలలో కింద దుకాణం, పైన కాపురం ఉన్న కట్టడాలలో కొన్ని వక్ఫు ఆస్తులు. కొన్ని కమిటీ సభ్యుల సొంత ఆస్తులు. అద్దె పత్రంలో బాడుగ, అడ్వాన్సు వ్రాసుకొనే చోట మరొక రెండు వాక్యాలు చేర్చవచ్చు: పైన మనుషులు నివసిస్తున్నంత కాలం కింద రంగులు, రసాయనాలు, స్పాంజి నిల్వ చేయరాదని, పై అంతస్తుకు దుకాణం పక్కగా పోని మరొక దారి యజమాని ఏర్పరచవలెనని. దీనికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అవసరం లేదు. యజమాని సంతకం చాలు. బాడుగ తీసుకొనే చేతికి బాధ్యత కూడా ఉన్నదని ఒప్పుకొంటే చాలు. పెద్దలు ఈ పనికి పూనుకొంటే ఊరు అనుసరిస్తుంది. పెద్దలే వెనుకాడితే ఈ వ్యాసం వ్రాసి ప్రయోజనం లేదు, చదివి ప్రయోజనం లేదు.

కళాశాల పక్షాన చేయదగిన పని కూడా ఉన్నది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. వారి స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవం జరుగుతుంది. ఆ రోజులు మనకు పరీక్షల కాలం కనుక ఉపన్యాసాలతోనే ముగిసిపోతున్నది. దానికి బదులు కళాశాల తెరచిన మొదటి నెలలోనే ఒక దినం కేటాయించి, అగ్నిమాపక కేంద్రం వారిని పిలిపించి, సిలిండరు మంటను ఆర్పడం ప్రతి విద్యార్థి చేత, ముఖ్యంగా ప్రతి విద్యార్థిని చేత, చేయించవలెను. జాతీయ సేవా పథకం విద్యార్థులు జట్లుగా మొహల్లాలకు పోయి, అగ్నిమాపక వాహనం ఏ సందు మలుపు వరకు రాగలదో, ఎక్కడ ఆగిపోతుందో కొలిచి, ఒక పటం తయారు చేసి పురపాలక సంఘానికి, అగ్నిమాపక కేంద్రానికి ఇవ్వవచ్చు. జుమా నాడు ఇమాము గారు ఖుత్బాకు ముందు రెండు నిమిషాలు ఈ విషయం చెబితే, వంద కరపత్రాలు చేయలేని పని జరుగుతుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు కుప్పంలో రైలెక్కి బెంగుళూరుకు పోతారు. కొందరు తిరుపతికి, హైదరాబాదుకు పోతారు. అద్దె గది చూసేటప్పుడు బాడుగ ఎంత, నీళ్ళు వస్తాయా అని అడుగుతారు. ‘ఈ దారి మూసుకొంటే నేను ఏ దారిన బయటికి రావాలి?’ అన్న మూడవ ప్రశ్న కూడా అడగండి. జవాబు లేని గదిలో దిగకండి. ఈ సంచికను ఇంటికి తీసుకొని పోయిన రాత్రి, భోజనాల తరువాత, మీ తండ్రిగారిని తాళంచెవి ఎక్కడ పెడుతున్నారో మర్యాదగా అడగండి. గోడకు ఒక మేకు కొట్టి, దానికి ఆ తాళంచెవి తగిలించండి. బావి తవ్వవలసినది ఇల్లు కాలక ముందే గనుక, ఆ మేకుతోనే మన పని ప్రారంభం కావలెనని మేము కోరుతున్నాము.